సీటీఏ 102 విజృంభణ: దృశ్యకాంతి, గామా కిరణాలు అంతగా పెరిగితే ఎక్స్-కిరణాలు ఎందుకు వెనుకబడ్డాయి?

సాగర్‌నగర్ విద్యార్థిని (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం సీటీఏ 102 అనే బ్లేజార్‌ను ఎంచుకున్నాను. దీని రెడ్‌షిఫ్ట్ (విశ్వ వ్యాకోచం వల్ల కాంతి తరంగాలు సాగిన కొలత) 1.037. అంటే ఇప్పుడు మనకు అందుతున్న కాంతి అక్కడ బయలుదేరి దాదాపు 800 కోట్ల సంవత్సరాలైంది. అప్పటికి మన సూర్యుడు కూడా పుట్టలేదు. మధ్యలో ఉన్న మహా కృష్ణబిలం నుంచి వెలువడే జెట్ (అతి వేగంగా దూసుకొచ్చే కణాల ధార) దాదాపు మన వైపే గురిపెట్టి ఉండడం వల్ల ఇంత దూరం నుంచి కూడా ఇది కనిపిస్తోంది. 2016 చివరి నెలల్లో ఇది అసాధారణంగా విజృంభించి, డిసెంబరు 28న దృశ్యకాంతిలో 11వ మాగ్నిట్యూడ్ (ప్రకాశ కొలమానం, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) ప్రాంతానికి చేరింది. మందకొడిగా ఉన్న రోజులతో పోలిస్తే ఇది సుమారు 6 మాగ్నిట్యూడ్ల పెరుగుదల. లెక్కగా చెప్పాలంటే దాదాపు 250 రెట్లు.

ఈ విజృంభణకు సంబంధించి నేను మూడు రకాల సమాచారాన్ని ఒకే కాలరేఖ మీద పెట్టాను. మొదటిది ఫెర్మి ఉపగ్రహంలోని లాట్ పరికరం నమోదు చేసిన గామా కిరణాల లైట్ కర్వ్, అంటే కాలంతో పాటు ప్రకాశం మారే గీత. ఇది వారానికి ఒక బిందువు చొప్పున అందరికీ అందుబాటులో ఉంది. రెండోది స్విఫ్ట్ ఉపగ్రహంలోని ఎక్స్-కిరణాల టెలిస్కోపు సమాచారం. మూడోది అదే స్విఫ్ట్‌లోని చిన్న టెలిస్కోపు తీసిన దృశ్యకాంతి, అతినీలలోహిత కొలతలు. మూడింటినీ గీసి చూసిన తరువాత నాకు కొన్ని సందేహాలు తీరకుండా మిగిలాయి.

దృశ్యకాంతి, గామా కిరణాలు రెండూ విపరీతంగా పెరిగాయి. ఎక్స్-కిరణాలు కూడా పెరిగాయి కానీ ఆ పెరుగుదల మిగిలిన రెండింటి ముందు చాలా చిన్నది. వస్తువు ఒకటే, జెట్ ఒకటే అయినప్పుడు మధ్యలో ఉన్న ఎక్స్-కిరణాలు మాత్రమే ఎందుకు మందంగా ఉండాలి? నా లెక్కలో తప్పు దొర్లిందేమోనని రెండుసార్లు మళ్లీ చేశాను, ఫలితం మారలేదు.

ఇంకొకటి, దృశ్యకాంతి శిఖరం, గామా శిఖరం ఒకే వారంలో పడ్డాయి. దీన్ని బట్టి రెండూ జెట్‌లో ఒకే చోట పుట్టాయని రాయవచ్చా? పైగా కొన్ని వారాల్లో గామా ప్రవాహం సున్నాకు పడిపోయినట్టు నా గీతలో కనిపిస్తోంది. విజృంభణకు ముందు అది పూర్తిగా ఆగిపోయిందని అర్థం చేసుకోవాలా?

చివరగా, స్విఫ్ట్ బిందువులు 2017 జనవరి నాలుగో వారం ప్రాంతంలో ఆగిపోయి, మళ్లీ ఏప్రిల్‌లో మొదలవుతున్నాయి. మధ్యలో గీతను నేరుగా కలిపేయవచ్చా? వచ్చే నెలలో సెమినార్ ఉంది కాబట్టి అడుగుతున్నాను, కానీ నిజానికి సెమినార్ కోసం మాత్రమే కాదు. రెండు నెలలుగా ఈ వస్తువు తప్ప వేరే ఆలోచన లేదు.

జెట్ పరిశోధకుడు

అమ్మా, మీ లెక్కలో తప్పు లేదని ముందుగా చెప్పాలి. ఎక్స్-కిరణాలు వెనుకబడడం ఇలాంటి బ్లేజార్ల స్వభావంలోనే ఉంది. మీరు గమనించిన ఆ తేడా ప్రాజెక్టులో అసలైన విషయం కాగలదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

బ్లేజార్ వెలువరించే శక్తిని రేడియో నుంచి గామా వరకు ఒకే పటంలో గీస్తే రెండు మూపురాలు కనిపిస్తాయి. మొదటి మూపురం సింక్రోట్రాన్ వికిరణం: కాంతివేగానికి అతి చేరువలో పరుగెత్తే ఎలక్ట్రాన్లు జెట్‌లోని అయస్కాంత క్షేత్రంలో సుడులు తిరుగుతూ వెలువరించే కాంతి. రెండో మూపురం విలోమ కాంప్టన్ ప్రక్రియ వల్ల వస్తుంది: అవే ఎలక్ట్రాన్లు తమకు ఎదురైన తక్కువ శక్తి ఫోటాన్లను ఢీకొని వాటిని ఎక్స్, గామా కిరణాల స్థాయికి ఎగదోస్తాయి. సీటీఏ 102 ఫ్లాట్ స్పెక్ట్రమ్ రేడియో క్వేజార్ అనే తరగతికి చెందినది. ఈ తరగతిలో దృశ్యకాంతి మొదటి మూపురానికి కుడివైపు వాలులో పడుతుంది, గామా కిరణాలు రెండో మూపురం శిఖరం దగ్గర, దాని కుడి వాలులో పడతాయి, ఎక్స్-కిరణాలు రెండో మూపురం ఎడమ పాదం దగ్గర పడతాయి.

ఇప్పుడు ఏ కాంతి ఏ ఎలక్ట్రాన్లది అని ప్రశ్నించుకోండి. అయస్కాంత క్షేత్రం ఒక గాస్ ప్రాంతంలో ఉందనుకుంటే, దృశ్యకాంతిని వెలువరించే ఎలక్ట్రాన్ల లోరెంట్జ్ కారకం (నిశ్చల శక్తికి ఎన్ని రెట్ల శక్తి ఉందో చెప్పే సంఖ్య) కొన్ని వేలు ఉండాలి. జెట్ బయటి నుంచి వచ్చే ఫోటాన్లను గామా స్థాయికి లేపడానికి కొన్ని వందల నుంచి వేల వరకు ఉంటే చాలు. ఈ రెండూ దాదాపు ఒకే ఎలక్ట్రాన్ల బృందం. ఎక్స్-కిరణాలకు మాత్రం అంతకంటే ఎంతో తక్కువ శక్తి గల ఎలక్ట్రాన్లే సరిపోతాయి. శక్తి ఎక్కువ ఉన్న ఎలక్ట్రాన్ దాన్ని త్వరగా వెదజల్లుకుంటుంది. చల్లబడే కాలం లోరెంట్జ్ కారకానికి విలోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి పై బృందం గంటల్లో, రోజుల్లో పెరిగి తరిగే చోట కింది బృందం నెమ్మదిగా కదులుతుంది. మీ గీతలో ఎక్స్-కిరణాలు మందంగా కనిపించడానికి ఒక ప్రధాన కారణం ఇదే. మార్కేరియన్ 421 వంటి దగ్గరి బ్లేజార్లలో, అంటే రెడ్‌షిఫ్ట్ 0.031 ఉన్న చోట, పరిస్థితి వేరు. అక్కడ ఎక్స్-కిరణాలే మొదటి మూపురంలో పడతాయి కాబట్టి విజృంభణలో అన్నింటికంటే చురుగ్గా ఉండేవి అవే. అందువల్ల ఒక బ్లేజార్ గురించి చదివిన వాక్యాన్ని మరొకదానికి అతికించకూడదు.

రెండో కారణం జెట్ దిశ. 2017లో ఈ విజృంభణ మీదే నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన, వంపులు తిరిగిన జెట్‌లో వేర్వేరు భాగాలు వేర్వేరు సమయాల్లో మన వైపు తిరగడం వల్ల ఇంతటి మార్పు వచ్చిందని ప్రతిపాదించింది. మీరు విశాఖవాసులు కాబట్టి అనంతగిరి ఘాట్ రోడ్డును తలుచుకోండి. రాత్రివేళ కింద నిలబడి చూస్తే, కొండ దిగుతున్న లారీ దీపం ఒక మలుపులో కళ్లు చెదిరేలా వెలిగి మరుసటి మలుపులో మాయమవుతుంది. దీపం మారలేదు, దాని ముఖం తిరిగిన దిశ మారింది. జెట్‌లో ఈ ప్రభావం మరింత తీవ్రంగా ఉంటుంది. మన వైపు వచ్చే జెట్ వెలుగు ఎంతగా పెరిగి కనిపిస్తుందో చెప్పే డాప్లర్ కారకం రెట్టింపైతే ప్రకాశం దాని మూడో, నాలుగో ఘాతం మేరకు, అంటే 8 నుంచి 16 రెట్లు పెరుగుతుంది. దృశ్యకాంతి పుట్టే భాగం మన వైపు తిరిగిన రోజుల్లోనే రేడియో తరంగాలు పుట్టే భాగం పక్కకు తిరిగి ఉండవచ్చు. దిశ మాత్రమే మారిందా, ఎలక్ట్రాన్లకు కొత్తగా శక్తి అందిందా అన్న చర్చ ఇంకా సాగుతోంది, నా అభిప్రాయంలో రెండూ కలిసే పనిచేశాయి. మీ సెమినార్‌లో ఒకదాన్ని తీర్పుగా ప్రకటించవద్దని నా సలహా.

ఇక శిఖరాలు ఒకే వారంలో పడ్డాయన్న మాట. వారానికి ఒక బిందువు ఉన్న గీత నుంచి వారం కంటే తక్కువ వ్యవధి గురించి ఏమీ చెప్పలేము. 3సీ 279 అనే మరో క్వేజార్ 2015 జూన్‌లో విజృంభించినప్పుడు గామా కిరణాలు 5 నిమిషాల లోపే రెట్టింపైనట్టు ఫెర్మి చూసింది. అలాంటి మార్పు వారపు సగటులో పూర్తిగా కరిగిపోతుంది. కనీసం 3 రోజుల బిందువులు తీసుకోండి, అవి కూడా అదే ఫెర్మి సమాచార భాండాగారంలో దొరుకుతాయి. విజృంభణ గట్టిగా ఉన్న రోజులకు ఫోటాన్ల సమాచారాన్ని దించుకుని రోజుకొక బిందువు మీరే తయారు చేసుకోవచ్చు. ఆ తరువాత ఎడెల్సన్, క్రోలిక్‌లు 1988లో ప్రతిపాదించిన వివిక్త సహసంబంధ ప్రమేయాన్ని వాడితే, కొలతలు అసమానమైన వ్యవధుల్లో ఉన్నా రెండు గీతల మధ్య ఆలస్యాన్ని అంచనా వేయవచ్చు.

ఒకే సమయంలో పెరగడం ఒకే చోట పుట్టడానికి సూచన అవుతుంది కానీ రుజువు కాదు. చోటును గురించి మాట్లాడాలంటే మొదట పరిమాణాన్ని గురించి మాట్లాడాలి. ప్రకాశం 6 గంటల్లో రెట్టింపైందనుకోండి. ఆ కాలంలో కాంతి 648 కోట్ల కిలోమీటర్లు వెళ్తుంది. డాప్లర్ కారకం 20 అనుకుని గుణించి, రెడ్‌షిఫ్ట్‌కు ఒకటి కలిపిన 2.037తో భాగిస్తే సుమారు 6,400 కోట్ల కిలోమీటర్లు వస్తుంది. సూర్యుడి నుంచి నెప్ట్యూన్ దూరానికి ఇది దాదాపు 14 రెట్లు. వెలుగు పుట్టిన ప్రాంతం అంతకంటే పెద్దది కాకూడదు. ఇంత చిన్న ప్రాంతాన్ని ఏ టెలిస్కోపూ విడదీసి చూపలేదు. కాలమే మన కొలబద్ద అవుతుంది, అందుకే బిందువుల మధ్య వ్యవధి గురించి ఇంతగా చెబుతున్నాను. చాలామంది విద్యార్థులు ఈ 2.037ను మరిచిపోతారు, మీరు మరిచిపోవద్దు. 2022 ఫిబ్రవరిలో గామా కిరణాల్లో విజృంభించిన టీఎక్స్‌ఎస్ 1508+572 రెడ్‌షిఫ్ట్ 4.31. అక్కడ ఒక రోజులో జరిగినది మనకు 5 రోజులకు పైగా సాగి కనిపిస్తుంది.

ఎంవీపీ డేటా ఇంజినీరు

పరిశోధకుడు గారు భౌతికశాస్త్రం చెప్పారు కాబట్టి నేను గీత గురించి మాత్రమే రాస్తాను. వృత్తి వేరైనా, ఫెర్మి, స్విఫ్ట్ సమాచారంతో ఆరేడేళ్లుగా పనిచేస్తున్నాను.

మీరు సున్నా అనుకున్న వారాలు సున్నాలు కావు. ఆ వారంలో ఆ దిశ నుంచి వచ్చిన ఫోటాన్లు నేపథ్యం నుంచి వేరుగా గుర్తించదగినంత లేవని మాత్రమే దాని అర్థం. ప్రతి బిందువుకూ టెస్ట్ స్టాటిస్టిక్ అనే విలువ ఉంటుంది, వస్తువు నేపథ్యం నుంచి ఎంత గట్టిగా వేరుపడిందో అది చెబుతుంది. అది మనం ముందుగా నిర్ణయించుకున్న హద్దు కంటే తగ్గితే ప్రవాహానికి బదులు గరిష్ఠ పరిమితిని ఇస్తారు. ప్రవాహం ఇంతకంటే ఎక్కువ లేదని మాత్రమే అది చెబుతుంది. ఆ బిందువులను కిందికి చూపే బాణం గుర్తుతో గీయాలి, సగటులోనూ సహసంబంధంలోనూ సాధారణ బిందువులతో కలపకూడదు. మీరు దించుకున్న ఫైలులో వాటికి వేరే వరుస ఉండి ఉంటుంది. ప్రవాహం వరుసలో ఖాళీ ఉన్న చోట మీ ప్రోగ్రాం సున్నాను నింపి ఉంటుంది. నేను మొదటి సంవత్సరం సరిగ్గా ఇదే పొరపాటు చేసి, లేని ఒక నిశ్శబ్ద దశను మూడు పేజీల్లో వర్ణించాను.

స్విఫ్ట్ విరామానికి కారణం సూర్యుడు. ఆ ఉపగ్రహం సూర్యుడికి సుమారు 46 డిగ్రీల లోపు ఉన్న దిశలో తన టెలిస్కోపులను తిప్పదు. సీటీఏ 102 ఉన్న దిశకు సూర్యుడు మార్చి తొలి వారంలో అత్యంత సమీపంగా వస్తాడు. కాబట్టి దానికి ముందూ తరువాతా సుమారు ఆరేసి వారాలు స్విఫ్ట్ అటు చూడలేదు. నేల మీది టెలిస్కోపులకు కూడా ఆ కాలంలో అది సంధ్యకాంతిలో కలిసిపోతుంది. ఫెర్మి పద్ధతి వేరు. లాట్ ఒకేసారి ఆకాశంలో దాదాపు ఐదో వంతును చూస్తూ, ప్రతి మూడు గంటలకు మొత్తం ఆకాశాన్ని చుట్టబెడుతుంది కాబట్టి దాని గీత ఆగలేదు. ఆ గీతలోనే 2017 ఏప్రిల్‌లో మరో పెద్ద శిఖరం కనిపిస్తుంది. మీరు ఎక్స్-కిరణాల గీతను జనవరి నుంచి ఏప్రిల్ వరకు నేరుగా కలిపితే, మధ్యలో ఏమీ జరగలేదని చూసేవారికి చెప్పినట్టవుతుంది. దయచేసి కలపవద్దు. ఖాళీని ఖాళీగానే వదిలి, సూర్యుడి సామీప్యం వల్ల పరిశీలన లేదని పటం కింద రాయండి.

స్విఫ్ట్ ఎక్స్-కిరణాల విషయంలో ఒక జాగ్రత్త కూడా అవసరం. ఫోటాన్ కౌంటింగ్ విధానంలో సెకనుకు సుమారు 0.5 కంటే ఎక్కువ లెక్కింపులు వస్తే, రెండు ఫోటాన్లు కలిసి ఒకటిగా నమోదయ్యే పైలప్ మొదలవుతుంది. అప్పుడు ప్రకాశం నిజానికంటే తక్కువగా, వర్ణపటం నిజానికంటే కఠినంగా, అంటే ఎక్కువ శక్తి వైపు వాలి కనిపిస్తుంది. మీ ఎక్స్-కిరణాల పెరుగుదల చిన్నగా ఉండడంలో దీని వాటా ఎంతైనా ఉందేమో పరిశీలించి, చిత్రంలో ఆ వస్తువు మధ్య భాగాన్ని తొలగించి మళ్లీ కొలవండి. పరిశోధకుడు గారు చెప్పిన కారణాలు నిలబడతాయి కానీ, అవి పరికరం లోపంతో కలిసిపోకుండా చూసుకోవాలి. అలాగే దృశ్యకాంతి, అతినీలలోహిత కొలతలకు మన పాలపుంత ధూళి వల్ల కలిగే తగ్గుదలను సరిదిద్దారో లేదో చూడండి. అతినీలలోహితంలో ఆ సవరణ ఎక్కువ ఉంటుంది.

మద్దిలపాలెం మాష్టారు

అమ్మాయీ, నీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఉపగ్రహాల లెక్కలు నాకు తెలియవు. మన ఊరి నుంచి ఈ వస్తువు ఎలా కనిపిస్తుందో చెప్పగలను.

విశాఖపట్నం అక్షాంశం 17.7 డిగ్రీలు, సీటీఏ 102 దిక్పాతం (ఖగోళ మధ్యరేఖ నుంచి కోణీయ దూరం) ఉత్తరంగా 11.7 డిగ్రీలు. అందువల్ల అది మన నడినెత్తికి కేవలం 6 డిగ్రీల దక్షిణంగా సాగిపోతుంది. యూరప్‌లోని వారికి ఈ సౌకర్యం లేదు. పూర్వాభాద్ర తారలున్న చతురస్రానికి పడమరగా, పెగాసస్ మండలంలోనే దాని స్థానం. డిసెంబరు చివరిలో సూర్యాస్తమయం నాటికే అది నడినెత్తి దాటి పడమటికి వాలుతూ ఉంటుంది, రాత్రి పది దాటాక అస్తమిస్తుంది. కాబట్టి చీకటి పడ్డాక రెండు గంటలు, మహా అయితే రెండున్నర గంటలు మాత్రమే పనికి వస్తుంది. మన తీరానికి తుపానుల కాలమైన అక్టోబరు, నవంబరులు ఆకాశానికి నమ్మదగినవి కావు. డిసెంబరు నడుమ నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం గాలిలో తేమ తగ్గి నక్షత్రాలు నిలకడగా కనిపిస్తాయి. ఓడరేవు, ఉక్కు కర్మాగారాల వెలుతురు దక్షిణ దిక్కును చాలావరకు పాడుచేస్తుంది. మేము భీమిలి దాటి వెళ్లేవాళ్లం.

నిజం చెప్పాలంటే ఈ మాట రాయడానికే వచ్చాను. 2016 డిసెంబరు 27, 28, 30 తేదీల్లో నేనూ, నా పాత విద్యార్థులిద్దరూ 8 అంగుళాల న్యూటన్ తరహా టెలిస్కోపుకు డీఎస్ఎల్ఆర్ కెమెరా బిగించి ఈ దిశలో ఫోటోలు తీశాము. ఒక క్వేజార్ చిన్న టెలిస్కోపుకు అందేంతగా వెలిగిందని విని వెళ్లాము. 29న అమావాస్య కావడం మా అదృష్టం. నక్షత్రపటంతో పోల్చి, పటంలో అంత వెలుగు లేని చోట చక్కగా కనిపిస్తున్న చుక్కను గుర్తించినప్పుడు మా ముగ్గురికీ నోట మాట రాలేదు. భూమి లేని కాలంలో బయలుదేరిన కాంతి భీమిలి ఇసుకలో నిలబెట్టిన అద్దం మీద పడింది. ఆ ఫోటోలను మేము కొలవలేదు, కొలవడం రాదు. ఫిల్టర్ కూడా వాడలేదు. అవి నీకు ఎందుకైనా పనికి వస్తాయా? రావనుకుంటే మొహమాటం లేకుండా చెప్పు.

ఈ ఊరికి ఇలాంటి పని కొత్త కాదని కూడా తెలుసుకో. 1840లో గొడే వెంకట జగ్గారావు గారు ఇక్కడ సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని కొనసాగించి, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించి నమోదు చేశారు. ఆ పరిశీలనకు విలువ కట్టినది గడియారమే. ఏ క్షణంలో ఏమి కనిపించిందన్నది రాసిపెట్టడం వల్లనే అది శాస్త్రమైంది.

జెట్ పరిశోధకుడు

మాష్టారూ, దయచేసి ఆ ఫోటోలను జాగ్రత్తగా ఉంచండి. అవి తప్పకుండా పనికి వస్తాయి.

మీరు రా ఫైళ్లుగా, అంటే కెమెరా మార్చని ముడి సమాచారంగా భద్రపరిచి ఉంటే, వాటిలోని పచ్చ రంగు పిక్సెళ్లను మాత్రమే వేరుచేసి కొలవవచ్చు. డీఎస్ఎల్ఆర్ కెమెరాల పచ్చ వర్ణం ఖగోళశాస్త్రంలో వాడే వీ ఫిల్టర్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి, అదే ఫ్రేములో ఉన్న స్థిరమైన నక్షత్రాలతో పోల్చి మాగ్నిట్యూడ్ నిర్ణయించడం ఔత్సాహికులకు అలవాటైన పద్ధతే. జేపీఈజీ ఫైళ్లు మాత్రమే మిగిలి ఉంటే కష్టం, ఎందుకంటే కెమెరా వాటిలో వెలుగు నిష్పత్తులను ఇష్టం వచ్చినట్టు మార్చేస్తుంది. పోలిక కోసం రెండు, మూడు నక్షత్రాలను ఎంచుకోవాలి, వాటి రంగు బ్లేజార్ రంగుకు దగ్గరగా ఉంటే మేలు. ఈ తరగతి క్వేజార్లు మందంగా ఉన్నప్పుడు కృష్ణబిలం చుట్టూ తిరుగుతూ అందులోకి పడే వేడి పదార్థపు పళ్లెం (అక్రీషన్ డిస్క్) నీలి వెలుగు కనిపిస్తుంది. విజృంభణలో జెట్ వెలుగు దాన్ని మింగేయడంతో వస్తువు ఎర్రబారుతుంది. అందువల్ల నీలి నక్షత్రంతో పోలిస్తే కొలత కొంచెం పక్కకు జరుగుతుంది.

ఇంత చిన్న టెలిస్కోపు కొలతకు ఎందుకు విలువ అంటే, స్విఫ్ట్ రోజంతా ఒకే వస్తువును చూస్తూ కూర్చోదు. అడిగినప్పుడు వచ్చి వెయ్యి, రెండు వేల సెకన్లు చూసి వెళ్లిపోతుంది. దాని రెండు సందర్శనల మధ్య ఏమి జరిగిందో చెప్పగలిగేవి నేల మీది టెలిస్కోపులే. హోల్ ఎర్త్ బ్లేజార్ టెలిస్కోప్ అనే బృందం 1997 నుంచి వేర్వేరు రేఖాంశాల్లోని పరిశీలకులను కలిపి ఈ పనే చేస్తోంది. యూరప్‌లో ఇంకా పగలున్నప్పుడు, జపాన్‌లో ఆ వస్తువు అస్తమించాక, 83 డిగ్రీల తూర్పు రేఖాంశంలో ఉన్న మీ తీరానికి అది కనిపిస్తూ ఉంటుంది.

విద్యార్థిని గారూ, మన ఆస్ట్రోశాట్ భాండాగారంలో కూడా వెతకండి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆ ఉపగ్రహంలో అతినీలలోహిత టెలిస్కోపు, మెత్తని ఎక్స్-కిరణాల టెలిస్కోపు, 3 నుంచి 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వరకు చూసే లాక్స్‌పీసీ పరికరం ఒకే దిశకు గురిపెట్టి ఉంటాయి. వేర్వేరు ఉపగ్రహాల సమయాలను సరిపెట్టే శ్రమ లేకుండా, ఒకే క్షణంలో పలు తరంగదైర్ఘ్యాల కొలతలు దొరకడం బ్లేజార్లకు ఎంతో మేలు చేసే సదుపాయం. మీ తేదీలకు దొరకకపోయినా, మరో బ్లేజార్‌కు దొరికితే ఒక పోలికగా చూపవచ్చు.

అక్కయ్యపాలెం పాఠకుడు

ఒక సందేహం. ఎలక్ట్రాన్లతోనే అంతా వివరిస్తున్నారు. 2017 సెప్టెంబరు 22న దక్షిణ ధ్రువంలోని ఐస్‌క్యూబ్ పరిశోధనశాలకు దొరికిన న్యూట్రినో (దేనితోనూ దాదాపుగా చర్య జరపని సూక్ష్మ కణం), అప్పుడే గామా కిరణాల్లో విజృంభిస్తున్న టీఎక్స్‌ఎస్ 0506+056 బ్లేజార్ దిశ నుంచి వచ్చిందని చదివాను. న్యూట్రినోలు పుట్టాలంటే ప్రోటాన్లు ఉండాలి కదా? అలాంటప్పుడు సీటీఏ 102 గామా కిరణాలను కూడా ప్రోటాన్లకు ఎందుకు ఆపాదించకూడదు?

జెట్ పరిశోధకుడు

మీ ప్రశ్న సరైనదే. జెట్‌లో ప్రోటాన్లు ఉన్నాయనడానికి ఆ సంఘటన బలమైన సూచన. అయితే ప్రోటాన్లు ఉండడం వేరు, గామా వెలుగులో అధిక భాగం వాటిదే కావడం వేరు. టీఎక్స్‌ఎస్ 0506+056 విషయంలో కూడా, ప్రోటాన్లు మరీ ఎక్కువైతే వాటి చర్యల నుంచి పుట్టే ద్వితీయ కణాల వెలుగు ఎక్స్-కిరణాల్లో బయటపడాలి. అక్కడ కొలిచిన ఎక్స్-కిరణాలు అంత లేవు కాబట్టి ప్రోటాన్ల వాటాకు హద్దు పడింది. ఈ చర్చలో కూడా మందంగా ఉన్న ఎక్స్-కిరణాలే సాక్ష్యం చెబుతున్నాయని గమనించండి. సీటీఏ 102లో దృశ్యకాంతి, గామా కిరణాలు జంటగా కదలడం ఒకే ఎలక్ట్రాన్ల బృందానికి సహజంగా సరిపోతుంది, ఒక ఎమ్మెస్సీ ప్రాజెక్టు అక్కడి నుంచి మొదలుకావడమే మంచిది.

సాగర్‌నగర్ విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రంతా కూర్చుని మళ్లీ గీశాను. ఇంజినీరు గారు ఊహించినట్టే, ఖాళీలున్న చోట నా ప్రోగ్రాం సున్నాలు నింపింది. వాటిని బాణం గుర్తులుగా మార్చగానే, గామా కిరణాలు ఆగిపోయాయని నేను అనుకున్న దశ మాయమైంది. ఆ వారాల్లో వెలుగు తక్కువగా ఉండి ఉండవచ్చు, అంతకంటే ఏమీ చెప్పలేము. 3 రోజుల బిందువులతో గీసినప్పుడు వారపు గీతలో ఒకటిగా కనిపించిన శిఖరం పలు శిఖరాలుగా విడిపోయింది. ఒకే చోట పుట్టాయని రాసిన వాక్యాన్ని కొట్టివేసి, ఒకే ఎలక్ట్రాన్ల బృందం అన్న భావనకు ఇది విరుద్ధంగా లేదని మాత్రమే రాశాను. ఎక్స్-కిరణాల్లో విజృంభణ తీవ్రంగా ఉన్న రోజులకు మధ్య భాగం తొలగించి కొలవడం ఇంకా పూర్తి కాలేదు.

మాష్టారూ, మీ ఫోటోలు నాకు కావాలి. ఆదివారం ఉదయం హార్డ్ డిస్కు తీసుకుని మద్దిలపాలెం రావచ్చా? స్విఫ్ట్ డిసెంబరు 28న ఏ గంటలో చూసిందో ఫైలులో ఉంది. మీరు తీసిన సమయం సరిగ్గా తెలిస్తే రెండు కొలతలను పక్కపక్కన పెట్టగలను. ఆ రోజు కెమెరా గడియారం సరిగా ఉందా?

ఎంవీపీ డేటా ఇంజినీరు

సమయం మార్చేటప్పుడు జాగ్రత్త అమ్మా. ఫెర్మి, స్విఫ్ట్ ఫైళ్లలో సమయం విశ్వ సమయంలో లేదా సవరించిన జూలియన్ తేదీలో (ఖగోళశాస్త్రంలో రోజులను వరుసగా లెక్కించే సంఖ్య) ఉంటుంది. మాష్టారు కెమెరా భారత కాలమానంలో ఉండి ఉంటుంది. 2016 డిసెంబరు 28 అంటే 57750వ రోజు. ఆ సాయంత్రం మన 7 గంటలు విశ్వ సమయంలో మధ్యాహ్నం 1 గంట 30 నిమిషాలు, అంటే 57750.5625. ఐదున్నర గంటల తేడాను మరిచిపోతే, గంటల్లో మారే వస్తువుకు తప్పుడు ఆలస్యం పుట్టుకొస్తుంది. అలాగే ఎక్స్‌పోజరు మొదలైన క్షణాన్ని కాకుండా నడిమి క్షణాన్ని తీసుకోండి.

మద్దిలపాలెం మాష్టారు

ఆదివారం తొమ్మిది తరువాత రా అమ్మాయీ, ఇంట్లోనే ఉంటాను. ఈ ఉదయం పాత నోటుబుక్కు తీశాను. 28వ తేదీ పేజీలో 17 ఫోటోలు నమోదై ఉన్నాయి. ఒక్కొక్కటి 30 సెకన్లు, మొదటిది 7 గంటల 4 నిమిషాలకు, చివరిది 7 గంటల 41 నిమిషాలకు. పేజీ చివర ఎర్ర సిరాతో నా శిష్యుడు ఒక వాక్యం రాశాడు: కెమెరా గడియారం ఫోన్ గడియారం కంటే 2 నిమిషాలు ముందుంది. నేను చెప్పిన సమయాలు కెమెరావి, కాబట్టి ప్రతిదాని నుంచి 2 నిమిషాలు తీసివేసుకో. కంప్యూటరులో చూస్తే ఫైళ్లన్నీ రా రూపంలోనే ఉన్నాయి. 30వ తేదీవి కొన్ని మంచు తేమ వల్ల మసకబారాయి, వాటిని కూడా ఇస్తాను, పనికి రాకపోతే పక్కన పెట్టు.